నమ్మకం, నమ్ముకోవడం: సామాజికశాస్త్ర పరిశోధన పద్ధతులపై ఒక విమర్శ

నమ్మకం సామాజికశాస్త్రాలలో ఒక ప్రధాన పరిశోధనాంశంగా స్థిరపడి అర్ధ శతాబ్దం దాటింది. సమాజంలోని సంక్లిష్టతను తగ్గించే సాధనంగా నిక్లాస్ లూమన్ దానిని 1968లో వివరించాడు. ఇటలీలోని ప్రాంతీయ ప్రభుత్వాల పనితీరులో తేడాలకు పౌరుల మధ్య ఉండే పరస్పర విశ్వాసం ఒక కారణమని రాబర్ట్ పట్నమ్ 1993లో వాదించాడు. దేశాల ఆర్థికాభివృద్ధినే దానితో ముడిపెట్టి ఫ్రాన్సిస్ ఫుకుయామా 1995లో గ్రంథం రాశాడు. ఈ సిద్ధాంతాల వెంట కొలత పద్ధతులు కూడా వచ్చాయి. తెలుగు నేలపై జరిగే పరిశోధన సిద్ధాంతాలను ఎంతో కొంత చర్చించింది. కొలత పద్ధతులను మాత్రం చాలావరకు చర్చ లేకుండానే స్వీకరించింది. ఇంగ్లీషులో తయారైన ప్రశ్నావళిని తెలుగు చేసి, ‘పూర్తిగా నమ్ముతాను’ మొదలు ‘అసలు నమ్మను’ వరకు ఐదు గడులు గీసి, వచ్చిన జవాబులకు సగటు కట్టడం పరిశోధన పద్ధతిగా చలామణి అవుతున్నది. ఈ పద్ధతి నమ్మకాన్ని కొలవడం లేదు. నమ్మకం అనే పేరు పెట్టి మరొకదానిని కొలుస్తున్నది. ఆ మరొకటి ఏమిటో తెలుగు భాషకు తెలుసు. పరిశోధకులే దానిని విననట్లు ఉన్నారు.

అబ్దుల్లాపూర్‌మెట్ ఉదంతం

ఈ విమర్శకు ఆధారం గ్రంథాలలో కంటె ముందు హైదరాబాదు తూర్పు అంచున ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ దాటి విజయవాడ జాతీయ రహదారి వెంట వెళ్తే హయత్‌నగర్ తరువాత వచ్చేది అబ్దుల్లాపూర్‌మెట్. పూర్వపు హయత్‌నగర్ మండలంలోని ఈ ప్రాంతం 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణతో రంగారెడ్డి జిల్లాలో ఒక మండలమైంది. ఒకవైపు బాహ్యవలయ రహదారి, ఇంకొకవైపు రామోజీ ఫిల్మ్ సిటీ, నడుమ వెంచర్లుగా మారుతున్న చెలకలు. ఇక్కడ ఎకరం భూమి అంటే ఒక పంట కాదు, ఒక కుటుంబపు భవిష్యత్తు.

2019 నవంబరు 4న ఈ మండల తహసీల్దారు విజయారెడ్డి తన కార్యాలయంలోనే పెట్రోలు మంటలకు బలయ్యారు. ఆమెను కాపాడబోయిన డ్రైవరు మరునాడు మరణించాడు. నిప్పు పెట్టినట్లు కేసు నమోదైన రైతు తానూ కాలి మూడు రోజులకు మరణించాడు. కుటుంబ భూమికి పాసు పుస్తకం రాకపోవడం దీనికి నేపథ్యమని ఆనాటి పత్రికలు రాశాయి. నిందితుడి మరణంతో అతడి ఉద్దేశం న్యాయస్థానంలో నిగ్గుతేలలేదు. విధి నిర్వహణలో ఉన్న అధికారిని సజీవదహనం చేసిన నేరానికి ఏ నేపథ్యమూ సమర్థన కాజాలదు. అయినా పరిశోధనకు ఒక ప్రశ్న మిగిలింది. ఆ ఉదయం ఏ పరిశోధకుడైనా ఆ కార్యాలయ వరండాలో నిలబడి, వచ్చినవారిని ‘రెవెన్యూ శాఖపై మీకు ఎంత నమ్మకం ఉంది?’ అని అడిగి ఉంటే ఏ గడిలో టిక్కు పడేది? అదివరకు పదిసార్లు తిరిగినవాడు పదకొండవసారి కూడా వచ్చాడంటే అతడికి నమ్మకం ఉన్నట్లా, లేనట్లా?

ఐదు గడుల ప్రశ్నావళి దీనికి జవాబు చెప్పలేదు. ఉందని రాస్తే అతడి ఆక్రోశం అదృశ్యమవుతుంది. లేదని రాస్తే అతడి పదకొండవ రాక అర్థం కాకుండా పోతుంది.

ప్రశ్నలోనే ఉన్న చిక్కు

ప్రపంచ విలువల సర్వే 1981 నుండి దేశదేశాలలో అడుగుతూ వస్తున్న ప్రశ్న ఒకటి ఉన్నది. స్థూలంగా దాని భావం ఇది: చాలామంది మనుషులను నమ్మవచ్చునా, లేక మనుషులతో వ్యవహరించేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉన్నా చాలదా? ఇందులో నమ్మకమూ జాగ్రత్తా పరస్పర విరుద్ధాలన్న ఊహ ఉన్నది. ఈ రెండూ ఒకే కొలబద్దకు రెండు కొసలు కావని అలన్ మిల్లర్, తొమోకో మితమురా 2003లో జపాను, అమెరికాల అనుభవంతో చూపారు. తెలుగులో ఈ చిక్కు మరింత స్పష్టం. బయలుదేరుతున్న కొడుకుతో తల్లి ‘జాగ్రత్త నాయనా’ అంటుంది. అది అపనమ్మకం కాదు, ఆపేక్ష. సొమ్ము అప్పగిస్తూ ‘జాగ్రత్తగా పెట్టు’ అన్నవాడు ఎదుటివాడిని నమ్మినందుకే ఆ మాట అంటాడు. ఈ భాషలో జాగ్రత్త నమ్మకానికి ప్రత్యర్థి కాదు, తోబుట్టువు. ఆ ప్రశ్నను తెలుగులో అడిగి వచ్చిన శాతాలను స్వీడన్ శాతాల పక్కన పెట్టి తెలుగువారిలో నమ్మకం తక్కువని తేల్చడం శాస్త్రం కాదు, అనువాద దోషానికి వేసిన పట్టిక.

‘చాలామంది మనుషులు’ అన్న మాట కూడా అంతే. ఆ మాట వినగానే ఎవరు మదిలో మెదులుతారన్నది సమాజాన్ని బట్టి మారుతుందని యాన్ డెల్హీ, కెన్నెత్ న్యూటన్, క్రిస్టియన్ వెల్జెల్ 2011లో చర్చించారు. కులం, వాడ, చుట్టరికం గీసిన గీతల మధ్య బతికే ఊరిలో ‘మనుషులు’ అంటే ‘మనవాళ్ళు’ అవుతారా, ‘పరాయివాళ్ళు’ అవుతారా అన్నది అడగకుండా జవాబును లెక్కించడం సాధ్యం కాదు.

నమ్మకాన్ని సూచించడానికి ఎంచుకునే తెలుగు మాట మరొక చిక్కు. అనువాదకుడు ఒకచోట నమ్మకం అని, ఇంకొకచోట విశ్వాసం అని, వేరొకచోట భరోసా అని రాస్తాడు. ఈ మూడూ పర్యాయపదాలని నిఘంటువు అనవచ్చు, వ్యవహారం అనదు. విశ్వాసం శాసనసభలో తీర్మానానికి సంబంధించిన మాట. ఇంటి వాకిట్లో అది కుక్కకూ పాలేరుకూ అంటగట్టిన గుణం. ‘తిన్న ఇంటికి విశ్వాసంగా ఉండాలి’ అనే చోట అది కిందివాడు పైవాడికి చెల్లించవలసిన బాకీ. పింఛను అందుకుంటున్న వృద్ధురాలిని ‘ప్రభుత్వంపై మీకు విశ్వాసం ఉందా?’ అని అడిగితే, ఆమెకు వినిపించేది ‘మీరు కృతజ్ఞత గలవారేనా?’ అన్న ప్రశ్న. ఆమె లేదనదు. భరోసా దీనికి విలోమం. అది పైనుండి కిందికి వచ్చేది, ఒకరు ఇస్తే మరొకరు పొందేది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ రైతుకు నగదు సాయం చేసే పథకాలు ‘రైతు భరోసా’ అనే పేరు పెట్టుకున్నాయి. ఇక పూచీ మూడో మనిషిని కోరుతుంది: నీకూ నాకూ నడుమ మాట పడేవాడిని. ఒక మాట బదులు మరొక మాట పెడితే ప్రశ్నే మారిపోతుంది. ప్రశ్నలు మారిన సర్వేల ఫలితాలను ఒకే వరుసలో పేర్చడం సరికాదు.

నమ్మడం, నమ్ముకోవడం

అసలు విషయం వ్యాకరణంలో ఉన్నది. ‘నాకు అతడి మీద నమ్మకం ఉంది’ అన్నప్పుడు నమ్మకం ఒక స్థితి. మనిషి దానికి ఆశ్రయం మాత్రమే. ‘నేను అతడిని నమ్మాను’ అన్నప్పుడు అది ఒక చర్య. చేసినవాడు కర్త, దాని ఫలితానికి బాధ్యుడు. ‘నేను అతడిని నమ్ముకున్నాను’ అన్నప్పుడు కథ వేరు. ఆత్మార్థకమైన ‘కొను’ చేరగానే నమ్మడం ఆధారపడటంగా మారింది. భూమిని నమ్ముకుంటారు, వానను నమ్ముకుంటారు, కొడుకును నమ్ముకుంటారు. నమ్ముకున్నవాడికి వేరే దారి లేదు, లేదా ఉన్న దారులను వదులుకున్నాడు. వానను నమ్ముకున్న మెట్టరైతు వాన వస్తుందని నమ్మడం లేదు; ఏటా దానిని అనుమానిస్తూనే ఉంటాడు. అనుమానిస్తూనే దుక్కి దున్నుతాడు.

నమ్మకుండానే నమ్ముకోవచ్చు. ప్రజలకూ ప్రభుత్వ కార్యాలయాలకూ ఉన్న సంబంధంలో పెద్ద భాగం ఈ వాక్యంలో ఇమిడి ఉన్నది. పదకొండవసారి వచ్చిన మనిషి కార్యాలయాన్ని నమ్మి రాలేదు, నమ్ముకొని వచ్చాడు. పాసు పుస్తకం ఇచ్చే మరొక కార్యాలయం లేదు గనుక వచ్చాడు.

లూమన్ 1988లో రాసిన వ్యాసంలో ఇటువంటి భేదాన్నే గుర్తించాడు: ప్రత్యామ్నాయాలను తూచి తెగించి నమ్మడం ఒకటి, ప్రత్యామ్నాయాల ఊసే లేకుండా వ్యవస్థ నడుస్తుందనుకోవడం ఇంకొకటి. అయితే తెలుగు చూపే మూడో స్థితికి అందులో చోటు దొరకదు. నడుస్తుందన్న ధీమా లేదు, వేరొకదాన్ని ఎంచుకునే వీలూ లేదు. ఆర్థికశాస్త్రజ్ఞుల నమ్మకపు ఆట కూడా ఇక్కడే విఫలమవుతుంది. 1995లో జాయిస్ బెర్గ్, జాన్ డికాట్, కెవిన్ మకేబ్ రూపొందించిన ఆ ప్రయోగంలో మొదటి ఆటగాడు తన సొమ్ములో కొంత రెండోవాడికి పంపుతాడు; అది మూడింతలవుతుంది; రెండోవాడు ఇష్టమైతే కొంత తిరిగి ఇస్తాడు. మొదటివాడికి ఏమీ పంపకుండా ఉండే స్వేచ్ఛ ఉన్నది. ఆ స్వేచ్ఛే ఆటకు ప్రాణం. పట్టా కోసం తిరిగే రైతుకు లేనిది సరిగ్గా అదే.

తెలంగాణ ప్రభుత్వం 2014 ఆగస్టు 19న ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. ఆ రోజు ఇంట్లో ఉండటానికి దూరప్రాంతాల నుండి జనం బస్సులూ రైళ్ళూ కిక్కిరిసేలా సొంత ఊళ్ళకు చేరారు. దీనిని ప్రభుత్వం మీద నమ్మకానికి నిదర్శనమని లెక్కించవచ్చు. లెక్కలో పేరు లేకపోతే రేషను కార్డు, పింఛను పోతాయేమోనన్న భయానికి నిదర్శనమనీ అనవచ్చు. హాజరు సంఖ్య ఈ రెండింటినీ విడదీయదు. విడదీయాలంటే ప్రయాణికుల పక్కన కూర్చుని వారు వాడే క్రియాపదాలను వినాలి.

కాగితాలలో ఉన్న నమ్మకం

నమ్మకం మనసులో ఉంటుంది గనుక అడిగి తెలుసుకోవడం తప్ప దారి లేదని సర్వే పక్షపు వాదం. తెలంగాణ భూచరిత్ర ఈ వాదాన్ని నిలువనీయదు. సాదా బైనామాను చూస్తే చాలు. రిజిస్ట్రేషను లేకుండా, తెల్లకాగితం మీద, ఊరి పెద్దల సాక్ష్యంతో భూమి చేతులు మారిన పత్రం అది. అమ్మినవాడి మాట, కొన్నవాడి ధీమా, సాక్షుల పూచీ, రాసినవాడి దస్తూరి అన్నీ అందులో ఉన్నాయి. వాటిని క్రమబద్ధం చేస్తామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు లక్షల దరఖాస్తులు వచ్చాయి. అంటే లక్షల కుటుంబాలు చట్టం గుర్తించని కాగితం మీద జీవితాలను నిలబెట్టుకున్నాయి. నమ్మకంపై పరిశోధనకు ఇంతకు మించిన ఆకరం ఏముంటుంది? సాక్షులుగా ఎవరిని పిలిచారు, వారి కులమేమిటి, ఆడవారి సంతకం ఎక్కడైనా ఉన్నదా, ‘నా వారసులు తగాదా చేయరు’ వంటి హామీ వాక్యాలు ఏ కాలంలో పెరిగాయి అన్నవి ఎవరినీ ఏ గడిలోనూ టిక్కు పెట్టమనకుండానే తేలే విషయాలు.

ప్రభుత్వ రికార్డులు కూడా అంతే. 1954–55 నాటి ఖాస్రా పహాణీ, రక్షిత కౌలుదారులకు హక్కు కల్పించిన 1950 హైదరాబాదు కౌలు చట్టం, 1980లలో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దు, 2017 సెప్టెంబరులో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన, 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవుల రద్దు, అదే ఏడాది అక్టోబరు 29న ధరణి, 2025లో భూభారతి. ఒక్కొక్క మార్పూ ‘పాతవాడిని నమ్మవద్దు, కొత్తదానిని నమ్మండి’ అన్న విన్నపమే. 2017 ప్రక్షాళనలో వివాదం లేని భూములను పార్టు-ఎలో, వివాదం ఉన్నవాటిని పార్టు-బిలో చేర్చారు. పార్టు-బిలో పడిన భూమికి పాసు పుస్తకం ఆగింది. పుస్తకం లేనివాడికి 2018 మే నుండి ఇచ్చిన రైతుబంధు సొమ్ము కూడా ఆగింది. ఆ విధంగా ఒక పరిపాలనా వర్గీకరణ ఒకే ఊరిలోని ఇరుగుపొరుగు రైతులకు రాజ్యంతో రెండు వేరు సంబంధాలను ఏర్పరిచింది. ఈ తేడాను పట్టించుకోకుండా ‘గ్రామీణ రైతుల నమ్మక స్థాయి’ అని సగటు తీస్తే పార్టు-బి రైతు ఆ సగటులో మాయమవుతాడు. అబ్దుల్లాపూర్‌మెట్ వంటి చోట మాయమయ్యేవాడే పరిశోధించవలసినవాడు.

నమ్మకానికి రెండో కొస

సర్వేలు పౌరుడిని మాత్రమే అడుగుతాయి. పౌరుడు నమ్మకపోతే అది అతడి లోపమన్నట్లు, నమ్మకాన్ని పెంచే మార్గాలు సూచించి నివేదిక ముగుస్తుంది. ఒనోరా ఓనీల్ 2002 నాటి రీత్ ఉపన్యాసాలలో ఈ దృష్టిని తప్పుపట్టింది. కావలసింది నమ్మకం పెరగడం కాదు, నమ్మదగినవారిని నమ్మగలగడం, నమ్మదగనివారిని నమ్మకుండా ఉండగలగడం. తెలుగులో దీనికి ‘నమ్మకస్తుడు’ అన్న మాట ఉండనే ఉన్నది. దాని పక్కనే ‘నమ్మించు’ ఉన్నది. ఆ ప్రేరణార్థక క్రియ వెనుక తరచుగా వచ్చేది ‘మోసం చేశాడు’. ఎదుటివారిలో నమ్మకం పెంచే పనికి తెలుగు భాష ఎంత అనుమానంతో పేరు పెట్టిందో దీనివల్ల తెలుస్తుంది. నమ్మకాన్ని పెంచాలని సిఫారసు చేసే నివేదిక నమ్మకస్తులను గురించి చెబుతున్నదా, నమ్మించడాన్ని గురించి చెబుతున్నదా అన్నది మొదట తేల్చాలి.

రెండో కొస అధికారిది. విజయారెడ్డి హత్య తరువాత రెవెన్యూ ఉద్యోగులు విధులు బహిష్కరించి భద్రత కోరారు. కర్నూలు జిల్లా పత్తికొండలో తహసీల్దారు బల్లకు ముందు అడ్డంగా తాడు కట్టి, అర్జీదారులు ఆవలే నిలబడే ఏర్పాటు చేశారని అప్పట్లో వార్త వచ్చింది. ఆ తాడు ఒక కొలత. ఏ ప్రశ్నావళిలోనూ దానికి గడి లేదు. మనుషులను అడగకుండా, వారు వదిలిన జాడలను చదివే పద్ధతులను యూజీన్ వెబ్, డొనాల్డ్ కాంబెల్ ప్రభృతులు 1966లోనే ప్రతిపాదించారు. తాడు ఎన్నాళ్ళు ఉన్నది, ఎవరికి దానిని దాటి కుర్చీ వేశారు, ఎవరు ఆవలే నిలబడ్డారు అని గమనించినవాడికి అధికారి పౌరుడిని ఎంత నమ్ముతున్నదో తెలుస్తుంది. సిబ్బంది కొరత, పై ఒత్తిడి, వివాదం న్యాయస్థానంలో ఉండగా తాను ఏమీ చేయలేని స్థితి, వీటి నడుమ నలిగే మండల అధికారి కూడా ఒక వ్యవస్థను నమ్ముకున్న మనిషే. ఆమెను అడగని పరిశోధన సగం పరిశోధన.

సమ్మతి పత్రం

పరిశోధకుడు తన చేతిలోని కాగితాన్ని కూడా ప్రశ్నించుకోవాలి. నేటి పరిశోధనా నీతి ప్రకారం సమాచారం ఇచ్చేవారి నుండి సమ్మతి పత్రంపై సంతకం తీసుకోవాలి. ఉద్దేశం మంచిదే. కాని వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న జ్ఞాపకం ఉన్న ఇంటికి వెళ్ళి, నమ్మకాన్ని గురించి మాట్లాడటానికి ముందు ‘ఇక్కడ సంతకం పెట్టండి’ అనడం ఎటువంటి ఆరంభం? ఆ కాగితం చూసి తలుపు వేసినవారు ‘జవాబు ఇవ్వనివారు’గా లెక్కనుండి తొలగిపోతారు. అపనమ్మకం అత్యధికంగా ఉన్నవారే నమ్మకపు సర్వేలో కనిపించకుండా పోవడం ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లోపం. తొలగినవారి సంఖ్యను అడుగున చిన్న అక్షరాలతో కాక, ప్రధాన ఫలితంగా ప్రకటించే రోజు రావాలి. సాక్షుల ఎదుట చదివి వినిపించి నోటిమాటతో సమ్మతి తీసుకునే పద్ధతిని విశ్వవిద్యాలయ నీతి సంఘాలు అంగీకరించాలి.

ఆక్షేపణలు, తెలుగు శాఖల బాధ్యత

ఇందుకు ఒక ఆక్షేపణ తప్పక వస్తుంది. మాటలు వినడం, కాగితాలు చదవడం ఒక ఊరికి సరిపోతాయి. రాష్ట్రాన్ని, దేశాన్ని పోల్చడానికి సంఖ్యలు కావాలి. నిజమే. దక్షిణాసియా ప్రజాస్వామ్యంపై లోక్‌నీతి బృందం చేసిన విస్తృత సర్వేలు లేకపోతే సైన్యం, న్యాయస్థానం, పోలీసు వంటి సంస్థలను జనం వేరువేరుగా తూస్తారన్న సంగతి ఇంత స్పష్టంగా తెలిసేది కాదు. సంఖ్యలను వదలమని ఎవరూ అనరు. అయితే దేన్ని లెక్కించాలో తేలకముందే లెక్కించడం కూడా శాస్త్రం కాదు. అమెరికాలోనే ఎడ్వర్డ్ గ్లేజర్ బృందం 2000లో సర్వే జవాబులను ఆట ఫలితాలతో సరిపోల్చి, ఆ ప్రశ్న మనిషి ఎంత నమ్ముతాడో కంటె అతడు ఎంత నమ్మదగినవాడో చెబుతున్నదని గమనించింది. పుట్టిన గడ్డపైనే అర్థం తడబడిన ప్రశ్న అనువాదంలో నిలకడగా ఉంటుందనుకోవడం ఏ ఆధారంతో?

రెండో ఆక్షేపణ తెలుగు శాఖల లోపలి నుండే వస్తుంది: ఇది సమాజశాస్త్రుల పని, సాహిత్య విద్యార్థికి ఎందుకు? ఈ సంకోచానికి చరిత్రలో ఆధారం లేదు. 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో రైతుల నోట విన్న మాటలతో తయారైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి వివిధ శాఖల వారు శామీర్‌పేటకు వెళ్ళి చేసిన అధ్యయనం నుండే ఎస్.సి. దుబే 1955 నాటి ప్రసిద్ధ గ్రంథం పుట్టింది. కరణం చేతి రాత ఊరి తలరాత అయిన కాలాన్ని ‘చిల్లర దేవుళ్ళు’ నవలగా చేసింది. క్షేత్రం, భాష, సాహిత్యం మూడూ ఈ విషయానికి సిద్ధంగా ఉన్నాయి. వృత్తిపదకోశం నాగలి భాగాలకు చేసిన పనిని నమ్మకపు పదజాలానికి చేసేవారు కావాలి.

ఆ పని ఏమిటో స్పష్టంగా చెప్పవచ్చు. రెవెన్యూ కార్యాలయాలలో, మార్కెట్లలో, బ్యాంకుల వద్ద జనం నమ్ము, నమ్ముకొను, నమ్మించు, భరోసా, పూచీ, జిమ్మా అన్న మాటలను ఎవరిని గురించి, ఏ సందర్భంలో వాడుతున్నారో సేకరించాలి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోని బాటసింగారానికి మారింది. చోటు మారినప్పుడు రైతుకూ కమీషన్ ఏజెంటుకూ ఉన్న నమ్మకం ఎంత మారింది, ఎంత నిలిచింది అన్నది అక్కడే అధ్యయనం చేయవచ్చు. సాదా బైనామాల భాషను కాలక్రమంలో పరిశీలించాలి. ఏ ప్రశ్నావళి అయినా క్షేత్రానికి వెళ్ళేముందు, తెలుగు శాఖ దానిని చదివి ఏ మాట ఏ అర్థం ఇస్తుందో లిఖితపూర్వకంగా చెప్పాలి. ప్రతి సర్వేలోనూ ‘మీరు నమ్ముతున్నారా?’ అన్న ప్రశ్న పక్కనే ‘నమ్మకపోతే మీరు వేరే ఎక్కడికి వెళ్ళగలరు?’ అన్న ప్రశ్న ఉండాలి. రెండో దానికి జవాబు ‘ఎక్కడికీ లేదు’ అయితే, మొదటి జవాబును నమ్మకం కింద లెక్కించకూడదు.

ఈ ఒక్క నియమం పాటించినా నమ్మక పరిశోధనలోని చాలా పట్టికలు తిరగరాయవలసి వస్తుంది. రాయవలసిందే. పదకొండవసారి కార్యాలయం మెట్లెక్కిన మనిషిని ‘నమ్మకం గల పౌరుడు’గా లెక్కించిన పట్టిక తప్పు లెక్క మాత్రమే కాదు. అతడికి వేరే దారి లేదన్న సంగతిని అది ప్రభుత్వం దృష్టి నుండి దాచిపెడుతుంది. ఆ మెట్ల పైన కూర్చున్న అధికారి దృష్టి నుండి కూడా దాచిపెడుతుంది.